పండుగ విరామం, పండుగ చాకిరి

పండుగలను గురించి వ్రాసేవారు మనలో రెండు రకాలుగా కనిపిస్తారు. ఒకరు ప్రతి పండుగలోనూ జాతి ఆత్మను దర్శించి పరవశులవుతారు. మరొకరు ప్రతి పండుగనూ మౌఢ్యమని ఒక్క మాటతో తోసివేస్తారు. యీ యిద్దరూ మరచిపోయే సంగతి ఒకటున్నది. పండుగ అంటే పని ఆగిన రోజు. అయితే ఒకరి పని ఆగినచోట సాధారణంగా మరొకరి పని పెరుగుతుంది. ఆ పెరిగిన పని యెవరి మీద పడింది, దానికి వారికి దక్కినదేమిటి అన్న ప్రశ్నలను వదిలిపెట్టి పండుగల చరిత్ర వ్రాయటం సాధ్యం కాదు.

యీ ప్రశ్నలను మడికొండలో నిలబడి అడిగి చూద్దాం. కాజీపేటకు చేరువలో, హైదరాబాదు రహదారి మీద వున్న వూరు. కాళోజీ పెరిగిన వూరు. వానమామలై వరదాచార్యులు పుట్టిన వూరు. మెట్టుగుట్ట మీది గుడికి శివరాత్రినాడు జనం తరలివస్తారు. నేడిది మహా వరంగల్ నగరపాలక సంస్థలో భాగం. చుట్టూ పత్తి చేలు, పక్కన రైల్వే జంక్షను, వూరి పొలిమేరలో ఐ.టి. భవనాలు, రాంపూరు వైపున నగరం చెత్తను పోసే యార్డు. బతుకమ్మ, దసరాల నాడు యిన్ని రకాల శ్రమ ఒక్కచోట కనిపించే వూళ్లు తక్కువ.

నిజాం కాలపు తెలంగాణ పల్లెలో దసరా అంటే అందరికీ ఒకటే దసరా కాదు. దొర గడీలో పండుగ జరగాలంటే గొల్లవారు గొర్రెలను తోలాలి, కుమ్మరి కుండలు మోయాలి, చాకలి ఉతికి ఊడ్చి గిన్నెలు తోమాలి, గౌండ్లవారు కల్లు దింపాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, కబురులు మోయాలి. కూలి అన్న మాట లేదు. తమ యింటి పండుగ గడీ పండుగ తీరిన తరువాతనే. 1921లో యేర్పడిన ఆంధ్ర జనసంఘం వెట్టిచాకిరిని వ్యతిరేకించి ప్రచారం సాగించినప్పుడు, అటుపిమ్మట ఆంధ్ర మహాసభ పల్లెలలో సంఘాలు కట్టినప్పుడు, 1946లో పోరాటం సాయుధ రూపం దాల్చినప్పుడు ప్రజలు అడిగినది భూమి ఒక్కటే కాదు. తమ దినం తమది కావాలని అడిగారు. తన కాలానికి తాను యజమాని కానివాడు పండుగకూ యజమాని కాలేడు. వెట్టి రద్దు కావటమంటే పేదవానికి పండుగ దక్కటం అని కూడా అర్థం.

పల్లెలో దొర నిలిచిన చోట పట్టణంలో గడియారం నిలిచింది. వరంగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో వచ్చింది. మిల్లు సైరనుకు తిథి, నక్షత్రాలు తెలియవు. ఇంగ్లండులో చేనేతవారూ చేతిపనివారూ సోమవారాన్ని కూడా సెలవుగా పాటించే అలవాటును ఫ్యాక్టరీ యజమానులు యెట్లా అణచివేశారో ఇ.పి. థామ్సన్ 1967లో వ్రాసిన వ్యాసంలో వివరించాడు. కార్మికుడు దానికి బదులుగా గడియారాన్నే తన ఆయుధం చేసుకొన్నాడు. 1886లో షికాగో కార్మికులు యెనిమిది గంటల పనిదినాన్ని కోరి రక్తం చిందించారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికలోనే ఆ హక్కును గుర్తించింది. మన రాష్ట్రంలో 1974 నాటి చట్టం ఫ్యాక్టరీలలోనూ సంస్థలలోనూ పనిచేసేవారికి జాతీయ దినాలకూ పండుగలకూ వేతనంతో కూడిన సెలవు యిచ్చింది. యివి యెవరో దయతలచి పెట్టిన భిక్షలు కావు.

అయితే గంటల లెక్క ఒక్కటే చాలునా? యిందుకు సోషలిస్టు చరిత్రలోనే ఒక గుణపాఠం వున్నది. 1929లో సోవియట్ ప్రభుత్వం యంత్రాలు ఒక్కనాడూ ఆగకూడదని ఆదివారాన్ని తీసివేసింది. కార్మికులను అయిదు బృందాలుగా విభజించి, నాలుగు దినాల పని తరువాత ఒక దినం సెలవు యిచ్చింది. లెక్కప్రకారం విశ్రాంతి పెరిగింది. కాని భర్తకు సెలవు వచ్చిన దినాన భార్య ఫ్యాక్టరీలో వుండేది. స్నేహితులు కలుసుకొనే వీలు లేకపోయింది. 1931లో అందరికీ ఒకే సెలవు దినాన్ని తిరిగి తేవలసి వచ్చింది. 1940లో ఆదివారమే తిరిగి వచ్చింది. నలుగురూ కలిసి అనుభవించలేని విశ్రాంతి సగం విశ్రాంతి మాత్రమే. పండుగ విలువ యిక్కడ వున్నది. అది అందరి తీరికనూ ఒక్క దినాన కలుపుతుంది.

కలపటానికి బస్సు నడవాలి, రైలు నడవాలి. కాజీపేట జంక్షనులో దసరానాడు డ్యూటీ ఆగదు. 2019 అక్టోబరు 5న, సద్దుల బతుకమ్మ వాకిట్లో వుండగా, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మెకు దిగారు. పండుగ ప్రయాణికులను యిబ్బంది పెట్టారని నిందించినవారు లేకపోలేదు. ఆ ప్రయాణికులను యేటేటా యిళ్లకు చేర్చిన డ్రైవరు, కండక్టరు తమ పండుగను యెన్నిసార్లు రోడ్డు మీదనే గడిపారో వారు లెక్కించలేదు. 52 దినాలు సాగిన ఆ సమ్మె కోరికలు నెరవేరకుండానే ముగిసింది. కాని ఒక నిజాన్ని బయటపెట్టింది: మన సెలవు వారి పని మీద నిలబడి వున్నది.

యిక యింటిలోకి వద్దాం. బతుకమ్మ స్త్రీల పండుగ. 2014లో రాష్ట్ర పండుగ కూడా అయింది. తంగేడు, గునుగు పూలు విరబూసే ఆ రోజులలోనే యీ ప్రాంతంలో పత్తి తీత మొదలవుతుంది. పత్తి తీసే చేతులు చాలావరకు ఆడవారివి. పగలు చేనులో, మాపటికి పూల తాంబాళం ముందు, ఆ రెంటి నడుమ యిల్లు అలకటం, సద్దులు కలపటం, పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకూ అల్లునికీ వండటం. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని యింటిపని చేసేవారిలో స్త్రీ దినానికి సగటున 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు వెచ్చించేవారు. మామూలు దినాలనూ కలిపిన సగటు యిది. పండుగపూట యీ వ్యత్యాసం తగ్గుతుందని నమ్మటం కష్టం. గడీలోని వెట్టిని ఖండించిన మనం వంటింటిలోని దానిని ఆచారమని పిలుస్తున్నాము.

మడికొండ ఐ.టి. భవనాలు 2020 జనవరిలో ప్రారంభమయ్యాయి. చదువుకొన్న పిల్లలకు వున్న వూరిలో వుద్యోగం దొరకటం మంచిదే. కాని ఆ పరిశ్రమలో తరచు విదేశీ ఖాతాదారుని క్యాలెండరే పంచాంగం. అతని క్రిస్మసుకు పని తగ్గుతుంది, మన దసరాకు తగ్గదు. అదే సమయంలో పారిశుద్ధ్య కార్మికులు చెరువు గట్ల నుండి వాడిన పూలనూ నగరం తిని పారవేసినదానినీ బండ్లకెత్తుతారు. ఆ బండ్లు వచ్చేది మడికొండ వైపే. పండుగ మరునాడు వారి పని రెట్టింపు.

కనుక పనినీ, బంధుత్వాన్నీ, బాధ్యతలనూ యెట్లా సమతూకంలో వుంచుకోవాలి అన్న ప్రశ్నను వ్యక్తుల నేర్పుకు వదిలిపెట్టరాదు. తక్కెడ ఒకవైపు మొగ్గినప్పుడు దానిని పట్టుకొన్న చేతిని తప్పుపట్టి లాభం లేదు, తూకపురాళ్లను పరిశీలించాలి. పండుగనాడు పనిచేసేవారికి అదనపు వేతనం, మారుగా మరొక సెలవు, అది కూడా కుటుంబంతో కలిసి గడపగల దినాన. కాంట్రాక్టు కార్మికునికీ చేనుకూలికీ అదే హక్కు. యింటిలో మగవాడు వంటపని పంచుకోవటం. మొదటి రెంటినీ సంఘాలు సాధించాలి. మూడవదానికి సమ్మె అక్కరలేదు. దసరాకు యింటికి వెళ్లే విద్యార్థులు, ఉపాధ్యాయులు ఆనాడే మొదలుపెట్టవచ్చును.