సెరోటోనిన్ గ్రాహకంపై సీసీఎంబీ పరిశోధన: వ్యాసాలు, సైటేషన్‌లు

హైదరాబాద్: ఉప్పల్ రోడ్డుపై హబ్సీగూడలో గల సీసీఎంబీలో డాక్టర్ అమితాభ ఛటోపాధ్యాయ బృందం మెదడులోని సెరోటోనిన్ 1ఎ గ్రాహకంపై రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు సాగించింది. ఈ వ్యాసాలను దేశ విదేశాల శాస్త్రవేత్తలు విస్తృతంగా పేర్కొన్నారు. ఒక వ్యాసాన్ని తరువాతి పరిశోధకులు తమ వ్యాసంలో పేర్కొనడాన్నే సైటేషన్ అంటారు. పదోన్నతులు, పురస్కారాలు, నిధుల మంజూరు ఈ సంఖ్యపై కొంతవరకు ఆధారపడుతున్నందున, దాని వెనుక ఉన్న పని ఏమిటో తెలియవలసి ఉన్నది.

1977లో తార్నాకలోని ప్రాంతీయ పరిశోధనశాలలో భాగంగా డాక్టర్ పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో ప్రారంభమైన సీసీఎంబీ ప్రస్తుత ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న నాటి ప్రధానమంత్రి శ్రీ రాజీవ్ గాంధీ జాతికి అంకితం గావించారు.

డాక్టర్ ఛటోపాధ్యాయ ప్రధానంగా కణత్వచాల భౌతిక ధర్మాలను పరిశీలించిన శాస్త్రవేత్త. మెదడు పరిశోధనకు ఆయన ఆ దారిన వచ్చారు. సెరోటోనిన్ 1ఎ గ్రాహకం కణత్వచంలో ఇమిడి ఉండే ప్రోటీన్. ఆందోళన తగ్గించే బుస్పిరోన్ వంటి మందులు దీనిపైనే పనిచేస్తాయి. ఎద్దు మెదడులోని హిప్పోకాంపస్ భాగం నుండి త్వచాలను వేరుచేసి ఈ బృందం ప్రయోగాలు జరిపింది. త్వచంలోని కొలెస్టరాల్‌ను తొలగించగా గ్రాహకానికి మందును పట్టుకునే శక్తి తగ్గినదనీ, కొలెస్టరాల్‌ను తిరిగి చేర్చగా ఆ శక్తి కోలుకున్నదనీ థామస్ పుకాడియిల్‌తో కలసి 2004లో ప్రకటించిన వ్యాసం తెలిపింది. కొలెస్టరాల్‌కు బదులు, దాదాపు అదే నిర్మాణం గల 7-డీహైడ్రోకొలెస్టరాల్‌ను చేర్చినపుడు ఆ ఫలితం రాలేదని 2007లో వెల్లడించారు. స్మిత్-లెమ్లీ-ఓపిట్జ్ అనే పుట్టుకతో వచ్చే వ్యాధిలో శరీరంలో పేరుకునేది ఈ పదార్థమే. కాబట్టి ఈ ప్రయోగానికి వైద్యపరమైన ప్రాధాన్యం ఉన్నది.

అయితే ఆయనకు పేరు తెచ్చిన వ్యాసాలన్నీ మెదడుకు సంబంధించినవి కావు. అమెరికాలోని స్టోనీ బ్రూక్‌లో ఎర్విన్ లండన్‌తో కలసి 1987లో ప్రకటించిన ‘పారలాక్స్ పద్ధతి’ వ్యాసం, కాంతినిచ్చే అణువు త్వచంలో ఎంత లోతున ఉన్నదో కొలిచే విధానాన్ని వివరిస్తుంది. ఆ కొలత అవసరమైనవారు తమ విషయం ఏదైనప్పటికీ దానిని పేర్కొనవలసి వస్తుంది. సమీక్షా వ్యాసాల సంగతీ ఇంతే. కొత్త ప్రయోగం లేకున్నా వాటికి సైటేషన్‌లు అధికంగా రావడం పరిపాటి. పత్రికలలో ‘ఇన్ని వేల సైటేషన్‌లు’ అని సరిపెట్టినపుడు ఈ మూడు రకాల పనీ ఒకే రాశిలో కలసిపోతున్నది. ఇది ఏ శాస్త్రవేత్తకూ న్యాయం చేయదు.

సైటేషన్‌లను క్రమపద్ధతిలో సూచీకరించే పనిని 1964లో ఫిలడెల్ఫియా నుండి యూజీన్ గార్‌ఫీల్డ్ ప్రారంభించారు. 2005లో హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించినవారు భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్. ఒకరి హెచ్-ఇండెక్స్ 40 అయితే, కనీసం 40 సైటేషన్‌ల చొప్పున పొందిన వ్యాసాలు వారికి 40 ఉన్నవని అర్థం. ఈ సంఖ్య పెరుగుటయే గాని తరుగుట లేదు. అందువల్ల యువ పరిశోధకులను సీనియర్లతో దీని ఆధారంగా పోల్చరాదు. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్, గూగుల్ స్కాలర్ ఒకే వ్యక్తికి వేర్వేరు లెక్కలు చూపుతాయి గనుక, సంఖ్యతోపాటు మూలాన్నీ, తేదీనీ పేర్కొనడం అవసరం. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరును బట్టి వ్యక్తిగత శాస్త్రవేత్తల విలువ కట్టరాదని 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన కోరింది.

సైటేషన్ లెక్కకు అందని పఠనం కూడా ఉన్నది. అందుకు ఉదాహరణ సీసీఎంబీకి సమీపంలోని నాచారం పారిశ్రామికవాడలోనే కనిపిస్తుంది. అక్కడి జీవీకే బయోసైన్సెస్ 2021లో ఆరాజెన్‌గా పేరు మార్చుకున్నది. ఆ సంస్థ సమాచార విభాగం రూపొందించిన ‘గోస్టార్’ సమాచారనిధిని అనంతరం ఎక్సెల్రా నిర్వహించింది. ఔషధ రసాయన వ్యాసాలనూ, పేటెంట్లనూ నిపుణులు ఒక్కొక్కటిగా చదివి, ఏ అణువు ఏ గ్రాహకంపై ఎంత ప్రభావం చూపినదో ఇందులో నమోదు చేస్తారు. మందుల కంపెనీలు ఆ వివరాలను వాడుకున్నప్పటికీ, మూల వ్యాసకర్త ఖాతాలో ఒక్క సైటేషన్ కూడా చేరదు.