పెద్దపేగు క్యాన్సర్ ట్యూమర్ మార్కర్లు

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ వచ్చినవారి ఆయుర్దాయాన్ని అంచనా వేయడానికి రక్తంలోనూ కణితి ముక్కలోనూ చూసే గుర్తులు ఇవి. వీటిలో పాతది, ఇప్పటికీ ఎక్కువగా వాడేది సీఈఏ (కార్సినోఎంబ్రయోనిక్ యాంటిజెన్). 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దీన్ని వెల్లడించారు. మొదట జీర్ణవ్యవస్థ క్యాన్సర్లకే ప్రత్యేకమనుకున్నారు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో, కాలేయ జబ్బుల్లో, పొగతాగేవారిలో కూడా పెరుగుతుందని తర్వాత తేలింది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం ఆస్పత్రుల నుంచి గచ్చిబౌలి ఏఐజీ దాకా ఈ పరీక్ష మామూలే. ఐటీ కారిడార్ ఉద్యోగులు చేయించుకునే హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కొన్నింటిలోనూ ఇది ఉంటుంది. లక్షణాలు లేనివారిలో క్యాన్సర్‌ను వెతకడానికి మాత్రం సీఈఏ పనికిరాదు. తొలిదశలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది కాబట్టి రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండటం ప్రమాదం. మలంలో రక్తం పడుతుంటే కావలసింది కొలనోస్కోపీ.

సీఈఏ అసలు విలువ రోగ నిర్ధారణ తర్వాతే. ఆపరేషన్‌కు ముందు మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు దాటితే, అదే దశలో ఉన్న ఇతరులకంటే ఫలితం అంత ఆశాజనకంగా ఉండదని ఎక్కువ అధ్యయనాలు చెబుతాయి. ఈ హద్దు విషయంలో ఏకాభిప్రాయం లేదు. కణితి తీసేశాక సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో అంకె దిగాలి. దిగకపోతే జబ్బు మిగిలి ఉందేమోనని అనుమానిస్తారు.

ఆపరేషన్ తర్వాత సీఈఏను తరచూ కొలవడం వల్ల ఆయుష్షు పెరుగుతుందా అన్నది వివాదాస్పదం. పెరుగుతుందనే పాత విశ్లేషణలున్నాయి. 1,202 మందితో బ్రిటన్‌లో జరిగిన ఫ్యాక్స్ పరిశోధన (2014)లో తిరగబెట్టిన జబ్బును నయం చేసే ఉద్దేశంతో ఆపరేషన్ చేయగలిగినవారు కనీస పరిశీలన వర్గంలో 2.3 శాతం, సీఈఏ వర్గంలో 6.7 శాతం. మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. రోగులను యాదృచ్ఛికంగా వర్గాలుగా విడదీసి చేసినది కనుక ఈ ఫలితానికే ఎక్కువ బరువివ్వడం సబబుగా తోస్తుంది.

రక్తంలో చూసే మరో గుర్తు సీఏ 19-9 సహాయకం మాత్రమే. లూయిస్ రక్తవర్గ యాంటిజెన్ లేనివారిలో అది దాదాపు తయారే కాదు.

కణితిలోని జన్యు గుర్తులు మరింత లోతుగా చెబుతాయి. రెండో దశలో ఎంఎస్‌ఐ (మైక్రోశాటిలైట్ అస్థిరత) ఎక్కువగా ఉంటే ఫలితం మెరుగు. బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వీ600ఈ మార్పు సాధారణంగా చెడు సూచన. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో మురళీధరన్ భాష్యం బృందం చిన్న వయసులో వచ్చే మలాశయ క్యాన్సర్లను పరిశీలించింది. వాటిలో గణనీయమైన భాగానికి వింట్ సంకేత మార్గపు ఉత్తేజం గానీ ఎంఎస్‌ఐ గానీ లేవని గమనించింది. పాశ్చాత్య రోగుల ఆధారంగా తయారైన అంచనా పట్టికలను ఇక్కడి యువ రోగులకు యథాతథంగా వర్తింపజేయడానికి ఈ తేడా అడ్డు వస్తుంది.