దుప్పి తెలిసిన ఊరికి రెయిన్‌డీర్

తిరుపతిలో డిసెంబరు చలికి ఒక స్వెట్టరు చాలు. అయినా క్రిస్మస్ దగ్గర పడేసరికి షాపుల అద్దాల వెనక దూదితో మంచు కురిపిస్తారు. ఆ మంచులో కొమ్ముల జింకలు శాంటా బండిని లాగుతుంటాయి. సువార్తల్లో పశువుల తొట్టి ఉంది, గొర్రెల కాపరులున్నారు. రెయిన్‌డీర్ లేదు. మరి ఇదెక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే, నాకు దొరికిన దారి మన చిత్తూరు మీదుగానే పోయింది.

1819లో జాన్ స్కడర్ అనే డాక్టరు న్యూయార్కులో ప్రాక్టీసు వదిలేసి, మిషనరీగా సిలోన్ ఓడ ఎక్కాడు. ఆయన కొడుకులు హెన్రీ, విలియం, జోసెఫ్ 1853లో ఆర్కాట్ మిషన్ స్థాపించారు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. సొంత జిల్లా అయింది 1911లో. మిషన్ తొలి కేంద్రాల్లో చిత్తూరు ఒకటి. 1863లో జేకబ్ చాంబర్లిన్ మదనపల్లె చేరాడు. తెలుగు బైబిలు సవరణలో ఆయన చాలా ఏళ్ళు పనిచేశాడు. వీళ్ళ సంఘం పేరులో 1867 దాకా ‘డచ్’ అనే మాట ఉండేది. న్యూయార్కు ఒకప్పుడు డచ్చివాళ్ళ న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కదా!

శాంటా కూడా ఆ ఊరివాడే. డచ్చివాళ్ళ సెయింట్ నికొలస్ తెల్లగుర్రం మీద వచ్చేవాడు. 1821లో న్యూయార్కులో అచ్చయిన ఓ చిన్నపిల్లల పుస్తకంలో, తెలిసినంతవరకూ మొదటిసారి, ఆయన బండికి ఒక రెయిన్‌డీర్‌ని కట్టారు. 1823 డిసెంబరు 23న ట్రాయ్ పట్టణపు పత్రికలో, కవి పేరు లేకుండా వచ్చిన పద్యంలో అవి ఎనిమిదయ్యాయి. వాటిలో రెండింటికి పెట్టిన పేర్లు డచ్చిభాషలో ఉరుము, మెరుపు. అంటే జాన్ స్కడర్ ఓడ ఎక్కేనాటికి శాంటాకి ఇంకా జింకలే లేవన్నమాట. తొమ్మిదోది, ఎర్రముక్కు రుడాల్ఫ్, 1939లో పుట్టింది. మాంట్‌గామరీ వార్డ్ అనే స్టోర్ల కంపెనీ, పండక్కి పిల్లలకు ఉచితంగా పంచడానికి తన ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించిన కథ అది.

అసలు జంతువు కథ ఇంతకన్నా బాగుంటుంది. దాని పైవెంట్రుకల లోపల గాలి నిండి ఉంటుంది, అందుకే ఒంటి వేడి బయటికి పోదు. పీల్చిన గాలిని ముక్కే వెచ్చబెట్టి ఊపిరితిత్తులకు పంపుతుంది. కంటి లోపలి అద్దంలాంటి పొర వేసవిలో బంగారు రంగులో ఉండి, ధ్రువపు చీకటి కాలంలో నీలంగా మారుతుంది. ఆ మసక వెలుతురులో చూపు ఆనడానికి అదే సాయం. జింకల జాతిలో ఆడవాటికి కూడా కొమ్ములొచ్చేది దీనికొక్కదానికే. ముదురు మగవి సాధారణంగా డిసెంబరుకల్లా కొమ్ములు రాల్చేస్తాయి. కాబట్టి శాంటా బండిని లాగేవి ఆడవే అయ్యుండాలి!

స్కాండినేవియా ఉత్తరాన సామీ ప్రజలకు రెయిన్‌డీర్ అంటే మంద, మాంసం, తోలు, బతుకుతెరువు. 1920లలో అలాస్కా వ్యాపారి కార్ల్ లోమెన్ తన రెయిన్‌డీర్ మాంసానికి గిరాకీ పెంచుకోవడానికి అమెరికా నగరాల్లో క్రిస్మస్ ఊరేగింపులు పెట్టించాడు. శాంటా వెంట జింకల్నీ, సామీ కాపరుల్నీ నడిపించాడు. మన షాపుల దాకా వచ్చిన బొమ్మలో శాంటా ఉన్నాడు, జింకలున్నాయి. కాపరి మాత్రం జారిపోయాడు. నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది ఇదే.

తెలుగు బైబిలు తెరిస్తే 42వ కీర్తనలో నీళ్ళ కోసం అల్లాడే జంతువు కనిపిస్తుంది. దాన్ని మనవాళ్ళు ‘దుప్పి’ అన్నారు. శేషాచలం అడవిలో తిరిగేది, అలిపిరి మెట్లదారిలో జింకల పార్కు దగ్గర ఆగిన ప్రతి పిల్లాడికీ తెలిసిందీ అదే. ఎక్కడో యూదుల కొండల్లోని దాహం ఇక్కడివాళ్ళకి అర్థం కావాలంటే ఇక్కడి జంతువే కావాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. రెయిన్‌డీర్‌కి మాత్రం తెలుగులో ఓ పేరు పెట్టి పిలుద్దామని అమ్మేవాళ్ళకీ తోచలేదు, కొనే మనకీ తోచలేదు.