పల్సు వెడల్పును ఏలు ప్రోగ్రాము

డోన్, నంద్యాలల నడుమ రైలుమార్గము మీద నున్న బేతంచెర్ల పేరు చెప్పగానే మనకు తోచునవి బండలు. అక్కడి రాతిపలకను నునుపుచేయు చక్రమును ఒక డి.సి. మోటారు త్రిప్పుచున్నదనుకొందము. గరుకు రాతికి ఒక వేగము, మెరుగు పట్టుటకు మరొక వేగము కావలెను. వేగము తగ్గించుటకు పూర్వము మోటారుతో వరుసగా ఒక నిరోధమును చేర్చెడివారు. అందు కొంత శక్తి వేడియై పోయెడిది; ఆ వేడికి కూడ కరెంటు బిల్లు కట్టక తప్పదు.

దీనికి విరుగుడు కరెంటును తెంపి తెంపి ఇచ్చుట. సెకనులో వేయవవంతును ఒక ఆవర్తముగా తీసికొని, అందు నాలుగవ వంతు కాలము మాత్రమే 12 వోల్టులు ఇచ్చినచో మోటారుకు సగటున 3 వోల్టులే అందును. చక్రము బరువైనది గనుక ఆ తెంపులను లెక్కచేయదు. స్విచ్చి పూర్తిగా మూసియో, పూర్తిగా తెరచియో యుండును. కావున అందు వృథా స్వల్పము. పల్సు వెడల్పు మార్చుటయే వేగము మార్చుట.

1964లో బ్రౌన్ బోవెరీ సంస్థకు చెందిన షోనుంగ్, స్టెమ్లర్ అను ఇంజనీర్లు ఈ యుక్తిని ఏ.సి. మోటార్ల వేగనియంత్రణకు వివరించిరి. 1990 దశకమున మన రైల్వేకు వచ్చిన త్రీఫేజు ఇంజన్లు ఆ దారిలోనివే.

పల్సును పుట్టించునది చిప్పులోని టైమరు. దానికి ఆజ్ఞలిచ్చు ప్రోగ్రామును డ్రైవరు అందురు. లినక్సు ఆపరేటింగ్ సిస్టములో మొదట ఏ చిప్పు డ్రైవరు దానిదే. అన్నియు ఒకే పేర్లుగల ఆజ్ఞలను తమతమ రీతిని నిర్వచించుకొనుటచే రెండింటిని ఒకే కెర్నెలులో ఇముడ్చుట కుదరలేదు. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల ఇద్దరు విద్యార్థులున్న తరగతిలో హాజరు పిలిచినట్లుండెడిది! సాషా హావర్ వ్రాసిన ఉమ్మడి చట్రము 2012లో కెర్నెలులో చేరి ఆ చిక్కును తీర్చెను.

అసలు చిక్కు వేరు. ఆవర్తమునకు, వెడల్పునకు ఒక ఆజ్ఞ, ధ్రువతకు మరొకటి, ఆరంభించుటకు ఇంకొకటి. ఒక ఆజ్ఞకు, మరొక ఆజ్ఞకు నడుమ కొంత కాలము గడచును. దీపమైనచో ఒక మిణుకుతో పోవును. కాని కొన్ని బోర్డులలో ప్రాసెసరుకు అందు వోల్టేజీని నిర్ణయించునది ఈ పల్సే! యంత్రము మేల్కొనునప్పుడు బూట్‌లోడరు ఆ పల్సును అప్పటికే నడుపుచుండును. తరువాత వచ్చిన కెర్నెలు అది తెలియక, ఆపి మరల మొదలిడినచో వోల్టేజీ పడిపోయి, ఆ ఆజ్ఞ నిచ్చిన ప్రాసెసరే ఆగిపోవచ్చును. కూర్చున్న కొమ్మను నరుకుకొనుటన్న నిదియే.

2016లో బోరిస్ బ్రెజిలాన్ చేసిన మార్పు దీనిని సరిదిద్దెను. ఆవర్తము, వెడల్పు, ధ్రువత, నడచుటయా ఆగుటయా అను నాలుగును ఒకే 'స్థితి'గా మూటగట్టి ఒక్కమారుగా అందజేయుట ఇందలి పద్ధతి. అంతకుముందే పరికరములోనున్న స్థితిని చదివి తెలిసికొనుటకు కూడ వీలు కల్పించెను. నా దృష్టిలో ఈ రెండవదే గొప్పది; ఆజ్ఞ ఇచ్చుటకు ముందు అడిగి తెలిసికొనవలెనని డ్రైవరుకు నేర్పినది. అయితే ప్రోగ్రాము ఎంత చక్కగా వ్రాసినను పరికరము సహకరింపవలెను. కొన్ని చిప్పులు కొత్త విలువలను దాచియుంచి, నడుచుచున్న ఆవర్తము ముగిసిన పిమ్మటనే అమలుపరచును. అట్టి ఏర్పాటు లేనివానిలో ఒక తప్పు పల్సు వెలువడవచ్చును.

లినక్సు నడుచు చిన్న బోర్డు పాఠశాలలో ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని చూపవచ్చును. అక్కడ పీరియడ్, డ్యూటీ సైకిల్ అను ఫైళ్ళలో విలువలను నానోసెకనులలో వ్రాయవలెను. పై ఉదాహరణకు 10,00,000 మరియు 2,50,000. ఇప్పుడు పీరియడ్‌ను 2,00,000కు తగ్గింపజూచినచో కెర్నెలు నిరాకరించును. వెడల్పు ఆవర్తమును మించరాదు గదా. ముందు వెడల్పును తగ్గించి, తరువాత ఆవర్తమును తగ్గింపవలెను. పెంచునప్పుడు వరుస తిరుగబడును.