స్థానిక సంస్థలలో అవినీతి (ఆంధ్ర ప్రదేశ్)

ఈ వ్యాసము వికేంద్రీకరణ తరువాత గ్రామ, మండల స్థాయి సంస్థలలో కనిపించే అవినీతిని గురించి. ఆ సంస్థల నిర్మాణము కొరకు పంచాయతీ రాజ్ వ్యవస్థ అను వ్యాసము చూడండి.

అధికారము, నిధులు రాజధాని నుండి గ్రామాలకు బదిలీ అయినప్పుడు వాటితోపాటు అవినీతికి గల అవకాశములు కూడా గ్రామాలకు చేరుతాయి. దీనిని స్థానిక సంస్థలలో అవినీతి అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ చర్చ ప్రధానంగా 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తరువాత, అందునా పనికి ఆహారము, ఉపాధి హామీ వంటి పెద్ద పథకాలు పల్లెలకు వచ్చిన తరువాత బలపడింది. పల్లెల్లో పోయే సొమ్ము ఒక్కొక్క చోట చూస్తే చిన్న మొత్తమే. కానీ అది ఎవరి చేతి నుండి పోతున్నదో చూస్తే చిన్నది కాదు. రోజు కూలిలో ఇరవై రూపాయలు తగ్గితే ఆ యింట్లో ఒక పూట కూరకు వెలితి.

నేపథ్యము

చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం ప్రాంతమును ఉదాహరణగా తీసుకుంటే గ్రామ పాలన ఎన్ని చేతులు మారిందో తెలుస్తుంది. ఇది ఒకప్పుడు కార్వేటినగరం రాజుల జమీందారీ. బ్రిటిషు కాలములో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. మద్రాసు రాష్ట్రములో 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయాయి. అయితే గ్రామములో లెక్కలు వ్రాసే కరణం, శిస్తు వసూలు చేసే మునసబు మాత్రం వంశపారంపర్యంగా కొనసాగారు. ఏ పొలం ఎవరిదో, ఎవరు ఎంత కట్టాలో కరణం దస్త్రములోనే ఉండేది. ఆ దస్త్రము ఇతరులకు చదవ వీలుకాకపోవడమే ఆయన బలము. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా ఈ ఉద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాల స్థానములో మండలాలు వచ్చాయి. కార్వేటినగరం కూడా ఒక మండల కేంద్రమైనది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లా వేరుపడినా ఈ మండలము చిత్తూరు జిల్లాలోనే నిలిచింది.

దేశములో పంచాయతీ రాజ్ వ్యవస్థ బల్వంతరాయ్ మెహతా సంఘము సిఫారసుల మేరకు 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌరులో ప్రారంభమైనది. ఆంధ్ర ప్రదేశ్‌లో అదే సంవత్సరం నవంబరు 1న మొదలయింది. అయితే ఎన్నికలు జరపడము, జరపకపోవడము రాష్ట్ర ప్రభుత్వము ఇష్టము మీద ఆధారపడి ఉండేది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ సవరణ అయిదేళ్ళకొకసారి ఎన్నికలు, రాష్ట్ర ఎన్నికల సంఘము, రాష్ట్ర ఆర్థిక సంఘము, స్త్రీలకు మూడింట ఒక వంతు స్థానములు తప్పనిసరి చేసింది. పదకొండవ షెడ్యూలులో 29 అంశములను చేర్చింది. దానికి అనుగుణంగా ఆంధ్ర ప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టము 1994లో వచ్చింది.

సవరణ తరువాత కూడా ఎన్నికలు సకాలములో జరగలేదు. 2011లో పాలకవర్గముల గడువు తీరినా 2013 వరకు, తిరిగి 2018లో గడువు తీరినా 2021 వరకు గ్రామాలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఒక్కొక్క అధికారికి అనేక గ్రామాలు అప్పగించినప్పుడు ఎవరిని అడగాలో గ్రామస్థునికి తెలియదు. వికేంద్రీకరణ వలన అవినీతి పెరిగిందని చెప్పేవారు ఈ ఖాళీ సంవత్సరములను లెక్కలోకి తీసుకోవడము అరుదు.

సిద్ధాంత చర్చ

గ్రామ స్వరాజ్యమును గాంధీజీ ఆదర్శముగా భావించగా, డాక్టర్ అంబేద్కర్ 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అందుకు విరుద్ధమైన అభిప్రాయమును తీవ్రంగా వెల్లడించాడు. గ్రామములోని కుల పెత్తనము చేతికి అధికారమిస్తే బలహీనులకు మేలు జరగదని ఆయన వాదన సారాంశము. తరువాతి ఆర్థికవేత్తలు దాదాపు ఇదే ప్రశ్నను వేరొక భాషలో చర్చించారు. స్థానికంగా బలము గలవారు ప్రభుత్వ ఫలములను తమవైపు మళ్ళించుకొనుటను గూర్చి ప్రణబ్ బర్ధన్, దిలీప్ ముఖర్జీలు 2000 సంవత్సరములో వెలువరించిన రచన ప్రసిద్ధము. పెత్తనము రాష్ట్ర స్థాయిలో కంటే గ్రామములో ఎక్కువగా ఉంటుందా, తక్కువగా ఉంటుందా అన్నది ఆ చోటి భూమి పంపకము, అక్షరాస్యత, ఎన్నికల పోటీ వంటి వాటిని బట్టి మారుతుందని వారి నిర్ణయము.

దేశాలను పోల్చిన అధ్యయనములు కూడా ఏకీభవించలేదు. డేనియల్ ట్రైస్మన్ (2000) సమాఖ్య దేశములలో అవినీతి ఎక్కువని చూపగా, ఫిస్మన్, గట్టీలు (2002) స్థానిక సంస్థల వ్యయ భాగము పెరిగిన దేశములలో అవినీతి తక్కువని చూపారు. రెండింటికీ ఆధారములున్నాయి. కనుక ఒక్క మాటలో తీర్పు చెప్పే పాఠ్యపుస్తకములను విద్యార్థులు కొంత జాగ్రత్తతో చదవాలి.

అవినీతి జరిగే తీరు

2001-02లో అమలైన పనికి ఆహార పథకములో కూలికి బదులు బియ్యము ఇచ్చారు. నిబంధనల ప్రకారము కాంట్రాక్టర్లు, యంత్రములు ఉండరాదు. ఆచరణలో అనేక చోట్ల పని పేరుకు గ్రామ సంఘముది, చేసినది కాంట్రాక్టరు. మట్టి తీసినది పొక్లెయిను, బియ్యము చేరినది అంగడికి. పేదలకు పంపినది తిరిగి పెద్దల చేతికి ఎలా చేరిందో 2005లో ప్రచురితమైన దేశింగ్‌కర్, జాన్సన్, ఫారింగ్టన్‌ల అధ్యయనము వివరించింది. ఈ అనుభవమే తరువాతి ఉపాధి హామీ పథకములో కాంట్రాక్టర్ల నిషేధము, తపాలా కార్యాలయము ద్వారా కూలి చెల్లింపు, కంప్యూటరు మస్టర్లు వంటి జాగ్రత్తలకు దారితీసింది.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలము బండ్లపల్లిలో ప్రారంభమైనది. చిత్తూరు జిల్లా కూడా మొదటి విడత 200 జిల్లాలలో ఒకటి. జాగ్రత్తలు ఎన్ని ఉన్నా, ఇందులోనూ సొమ్ము మూడు చోట్ల జారిపోయింది: మస్టరు, కొలత, సామగ్రి.

మస్టరు అనగా హాజరు పట్టిక. దీనిని వ్రాసేది క్షేత్ర సహాయకుడు (ఫీల్డ్ అసిస్టెంటు). చనిపోయినవారు, వలస వెళ్ళినవారు, పనికి రాని బంధువులు ఇందులో కూలీలుగా చేరుతారు. చెన్నై, బెంగుళూరు దగ్గరగా ఉన్న దక్షిణ చిత్తూరు వంటి ప్రాంతములలో వలస ఎక్కువ. ఊరిలో లేని మనిషి జాబు కార్డు ఎవరి దగ్గర ఉన్నదన్నదే అసలు ప్రశ్న. దొంగ పేరు వలన ప్రభుత్వ సొమ్మే పోతుందని, తోటి కూలీకి నష్టము లేదని చాలామంది అనుకుంటారు. అది నిజము కాదు. రాష్ట్రములో కూలీలను శ్రమశక్తి సంఘములుగా ఏర్పరచి, సంఘము చేసిన పనిని కొలిచి, వచ్చిన మొత్తమును హాజరులను బట్టి పంచేవారు. ఉదాహరణకు 20 మంది ఒక రోజు త్రవ్విన కందకము విలువ 4,000 రూపాయలు అనుకొందాము. మనిషికి 200 వస్తాయి. పట్టికలో మరి రెండు దొంగ పేర్లు చేరితే అదే మొత్తము 22 భాగములై మనిషికి సుమారు 182 రూపాయలే దక్కుతుంది. ఆరు రోజుల వారములో ఒక్కొక్కరు పోగొట్టుకొనేది దాదాపు 109 రూపాయలు. ప్రభుత్వ పుస్తకములో ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఖర్చు కనిపించదు. ఆడిటు అధికారి పుస్తకములు చూసి దీనిని పట్టుకొనడము దాదాపు అసాధ్యము.

కొలతలో జరిగే మోసము ఇందుకు తారుమారు. చేసిన పని తక్కువ, కొలతల పుస్తకములో వ్రాసినది ఎక్కువ. కూలీలకు అనుకూలమైన కొలత వ్రాయుటకు వారి నుండే కొంత వసూలు చేయడము ఒక పద్ధతి. ఇక మూడవది సామగ్రి. ఖర్చులో కూలి 60 శాతము తగ్గకుండా, సామగ్రి 40 శాతము మించకుండా ఉండాలి. సిమెంటు రోడ్లు, భవనములు ఈ 40 శాతములో వస్తాయి. ఇక్కడ చెల్లింపు కూలీల ఖాతాలకు గాక సరఫరాదారుకు పోతుంది కనుక పర్సంటేజీలకు ఇదే అనువైన చోటు.

పథకములతో నిమిత్తము లేని పంచాయతీ సొంత ఖర్చులలోనూ ఇదే కథ చిన్న ఎత్తున నడుస్తుంది. బోరు మోటారు మరమ్మతు, బ్లీచింగు పొడి, వీధి దీపములు మళ్ళీ మళ్ళీ బిల్లులకు ఎక్కే పద్దులు. కొన్నారా లేదా అన్నది ఆరు నెలల తరువాత ఎవరూ తేల్చలేరు. పట్టణములకు దగ్గరి పంచాయతీలలో లేఅవుట్లు, ఇంటి ప్లాను అనుమతులు వీటి కంటే పెద్ద ఆదాయ మార్గములు.

పదవి, పోటీ, ఖర్చు

సర్పంచికి లభించే గౌరవ వేతనము నామమాత్రము. ఎన్నికల ఖర్చు అందుకు ఎన్నో రెట్లు. ఏకగ్రీవ ఎన్నిక ఈ ఖర్చును తప్పిస్తుందన్నది ప్రభుత్వముల వాదన. 2021 ఎన్నికలకు ముందు ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుండి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకము ప్రకటించారు. కానీ పోటీ లేని ఎన్నిక అన్ని చోట్ల సయోధ్య ఫలితము కాదు. కొన్ని గ్రామములలో పదవిని వేలము వేసిన వార్తలు పత్రికలలో వచ్చాయి. 2021 ఫిబ్రవరిలో చిత్తూరు, గుంటూరు జిల్లాలలో ఏకగ్రీవములు అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని రాష్ట్ర ఎన్నికల సంఘము వాటి ప్రకటనను కొంతకాలము ఆపి నివేదికలు కోరింది. సాక్షరత గల జిల్లాలో కూడా ఇటువంటి ప్రశ్న తలెత్తడము ఆలోచించవలసిన విషయము.

2011 చట్ట సవరణతో స్త్రీల రిజర్వేషను 50 శాతమైనది. భార్య పదవిలో ఉండగా భర్త చెక్కులు, సమావేశములు చూసుకోవడము విస్తృతంగా కనిపించింది. అయినా రెండవసారి, మూడవసారి వచ్చిన మహిళలు లెక్కలు తామే అడుగుతున్న గ్రామములు కూడా ఉన్నాయి. వాటి సంగతి వార్తలకు ఎక్కదు.

సామాజిక తనిఖీ

పుస్తకములను గాక పనిని, మనుషులను ఎదురెదురుగా ఉంచి చూచుటను సామాజిక తనిఖీ అంటారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి బహిరంగ విచారణ జరిపింది. మస్టరు జాబితాను నలుగురి ముందు చదివి వినిపించడమే అందులోని కొత్తదనము. సమాచార హక్కు ఉద్యమమునకు అది బీజము.

రాజస్థాన్‌లో ప్రజాసంఘము చేసిన పనిని ఆంధ్ర ప్రదేశ్‌లో ప్రభుత్వమే తలకెత్తుకున్నది. 2006లో మొదలైన తనిఖీల కొరకు 2009లో స్వతంత్ర సంస్థ ఒకటి ఏర్పడింది. కూలీ కుటుంబములకు చెందిన చదువుకున్న యువతీ యువకులను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చి, వారి సొంత గ్రామములో కాక వేరే గ్రామములకు పంపేవారు. వారు ఇంటింటికి వెళ్ళి, ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది అని అడిగి, రికార్డుతో సరిచూసి వ్రాసుకొనేవారు. చెరువు పూడిక, కందకములను టేపుతో కొలిచేవారు. చివరకు మండల కేంద్రములో ప్రజావేదిక. అధికారులు ఒకవైపు, కూలీలు మరొకవైపు, మధ్యలో మైకు. కరణము దస్త్రము మూసి ఉంచిన కాలమునకు, మస్టరును మైకులో చదివే కాలమునకు మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఎం.పి.డి.ఓ. ముందు నిలబడి తన కూలి ఎంతో తాను చెప్పడము చాలామంది కూలీలకు జీవితములో మొదటి అనుభవము.

ఫలితముల విషయములో మాత్రం తొందరపడరాదు. అఫ్రీది, ఐవర్సన్‌లు ఎనిమిది జిల్లాలలో 300 పంచాయతీలకు చెందిన 2006-10 నాటి తనిఖీ నివేదికలను పరిశీలించారు. పదేపదే తనిఖీలు జరిగినా కూలి చెల్లింపుల అక్రమములు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. సామగ్రికి సంబంధించినవి పెరిగాయి. అంటే సొమ్ము, కూలీలు కనిపెట్టగల చోటు నుండి కనిపెట్టలేని చోటుకు జరిగింది. బయటపడిన సొమ్ములో అధిక భాగము వసూలు కాలేదు, శిక్ష పడినవారు అతి తక్కువ. ఈ లోపమును సరిచేయుటకే రాష్ట్రము 2012లో సామాజిక తనిఖీ ప్రోత్సాహక, అవినీతి నిరోధక చట్టమును తెచ్చింది.

ఇండోనేషియాలో 608 గ్రామముల రోడ్డు పనులపై బెంజమిన్ ఓల్కెన్ జరిపిన ప్రయోగము (2007) దీనితో పోల్చదగినది. ప్రభుత్వ ఆడిటు ఖాయమని ముందే చెప్పిన గ్రామములలో మాయమైన ఖర్చు సుమారు 8 శాతపు పాయింట్లు తగ్గింది. గ్రామస్థులను సమావేశములకు పిలిచినందువలన కలిగిన ప్రభావము స్వల్పము. బ్రెజిల్‌లో 2003 నుండి లాటరీ తీసి ఎంపిక చేసిన పురపాలికలలో ఆడిటు జరిపి ఫలితములను ప్రకటించగా, అవినీతి బయటపడిన మేయర్లు తిరిగి గెలుచుట తగ్గినట్లు ఫెరాజ్, ఫినాన్‌లు (2008) తేల్చారు. ప్రజల కన్ను, ప్రభుత్వపు చెయ్యి రెండూ కలిసినచోటనే పని జరిగినట్లు తోస్తుంది. ఆంధ్ర ప్రదేశ్‌లో కన్ను ఉన్నది, చెయ్యి ఆలస్యముగా వచ్చింది.

సమాంతర వ్యవస్థలు

పంచాయతీలు అవినీతిమయమన్న వాదన వాటిని ప్రక్కకు నెట్టుటకు కూడా ఉపయోగపడింది. 2014 తరువాత పింఛన్లు, ఇండ్ల లబ్ధిదారుల ఎంపికలో జన్మభూమి కమిటీలకు ప్రాధాన్యము లభించగా, 2019 తరువాత గ్రామ సచివాలయములు, వాలంటీర్ల వ్యవస్థ వచ్చాయి. వాలంటీర్ల వ్యవస్థ 2024 తరువాత కొనసాగలేదు. ప్రభుత్వములు మారినా ఎన్నికైన సర్పంచి పాత్ర మాత్రం పెరగలేదు. 2021లో పంచాయతీల ఖాతాలలోని కేంద్ర ఆర్థిక సంఘము నిధులను విద్యుత్తు బకాయిల క్రింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు పార్టీలకు అతీతంగా నిరసన తెలిపారు. దీనిని అవినీతి అనలేము. కానీ ఖాతాలో డబ్బు ఉన్నదో లేదో సర్పంచికే తెలియని చోట, గ్రామసభ ఆయనను లెక్క అడిగి ఏమి ప్రయోజనము?

ఫిర్యాదు, విచారణ మార్గములు

1994 చట్టము ప్రకారము గ్రామసభ ఏడాదికి కనీసము రెండుసార్లు సమావేశము కావాలి. లెక్కలు, ఆడిటు నివేదిక అందులో ఉంచాలి. అధికార దుర్వినియోగము రుజువైన సర్పంచిని తొలగించు అధికారము 249వ సెక్షను క్రింద ఉన్నది. సర్పంచి కూడా 1988 నాటి అవినీతి నిరోధక చట్టము ప్రకారము ప్రజాసేవకుడే కనుక అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టవచ్చును. 2018 సవరణ తరువాత లంచము ఇచ్చుట కూడా నేరము. అయితే బలవంతముగా ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజులలో ఫిర్యాదు చేస్తే వారికి రక్షణ కలదు.

పంచాయతీ ఖర్చుల నకళ్ళను సమాచార హక్కు చట్టము (2005) క్రింద కోరవచ్చును. ఆంధ్ర ప్రదేశ్ నియమముల ప్రకారము గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయములలో 10 రూపాయలు. దరఖాస్తు తెల్ల కాగితముపై తెలుగులో వ్రాయవచ్చును. కారణము చెప్పనవసరము లేదు. 30 రోజులలో సమాధానము రాకపోతే మొదటి అప్పీలు ఆ కార్యాలయపు పై అధికారికి, రెండవది రాష్ట్ర సమాచార కమిషనుకు చేయాలి. దరఖాస్తులో "పంచాయతీ ఖర్చుల వివరములు" అని టోకుగా అడుగుట కంటే ఫలానా నెల ఓచర్లు, ఫలానా పని కొలతల పుస్తకము, ఫలానా వారపు మస్టరు అని విడిగా అడిగినప్పుడు తప్పించుకొనుటకు వీలు తక్కువ.