పాప విప్పే చుక్కలు

షుగర్ ఉన్నవాళ్ళ కంట్లో చుక్కలు వేసే ముందు నేను టార్చి తీస్తాను. చెవి వైపు నుంచి వెలుగు అడ్డంగా వేసి, ముక్కు వైపు నల్లగుడ్డు మీద నీడ పడుతోందా అని చూస్తాను. పడితే కంటి ముందు గది ఇరుకన్నమాట. పాప విచ్చుకుంటే కంటిలోని నీరు బయటికి పోయే మూల మూసుకుపోయి, ప్రెషర్ ఒక్కసారిగా పెరగవచ్చు. అలాంటప్పుడు సీసా పక్కన పెట్టి డాక్టరుగారిని పిలుస్తాను.

1800 ప్రాంతంలో జర్మనీలో కార్ల్ హిమ్లీ మొక్కల రసాలతో పాప పెద్దది చేసి శుక్లాలు పరీక్షించాడు. ఆ మొక్కల్లో బెల్లడోనా ఒకటి. మన పొలం గట్ల మీద పెరిగే ఉమ్మెత్తదీ ఆ కుటుంబమే, దాని రసం కంట్లో పడ్డా పాప అలాగే విచ్చుకుంటుంది. 1831లో మైన్ అనే ఫార్మసిస్టు బెల్లడోనా నుంచి అట్రోపిన్‌ను వేరుచేశాడు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే ఆప్తాల్మోస్కోపును లోకానికి చూపాడు. కొన్నేళ్ళకే వియన్నాలో ఎడ్వర్డ్ యేగర్ షుగర్ రోగి రెటీనాలో మార్పులు గుర్తించాడు.

అట్రోపిన్‌తో చిక్కేమిటంటే, వారం దాటినా పాప ముడుచుకోదు. 1880 ప్రాంతంలో వచ్చిన హోమాట్రోపిన్ దాన్ని ఒకటి రెండు రోజులకు తగ్గించింది. 1950ల చివర్లో వచ్చిన ట్రోపికమైడ్ కొన్ని గంటలకు దించింది. నన్నడిగితే మందుల్లో ఇంత మేలు చేసింది మరొకటి లేదు. ఊరి నుంచి పొద్దున వచ్చినావిడ రాత్రికల్లా మామూలు చూపుతో వంట చేసుకోగలుగుతోంది.

షుగర్ వాళ్ళ దగ్గర ఇంకో చిక్కుంది. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే పాపను నడిపే నరాలు దెబ్బతింటాయి, ఎంత మందు వేసినా పాప సరిగ్గా విప్పుకోదు. అందుకే ట్రోపికమైడ్‌కు ఫెనైలెఫ్రిన్ తోడైంది. ఒకప్పుడు దాన్ని 10 శాతం బలంతో ధారాళంగా వాడారు. బీపీ ఎగబాకిన సంఘటనలు, గుండెకు ఇబ్బందులు బయటపడ్డాక 2.5 శాతానికి దిగారు. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే మిశ్రమంలో మాత్రం ట్రోపికమైడ్ 0.8 శాతం, ఫెనైలెఫ్రిన్ 5 శాతం ఉంటాయి. పాప మొండికేస్తే ఇంకో చుక్క, మరో చుక్క అని చెయ్యి లాగుతుంది. అక్కడే ఆగాలి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ట్రోపికమైడ్ ఒక్కటే సరిపోతుందేమో ముందు చూడాలి. చుక్క వేశాక ముక్కు పక్క కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు ముక్కులోకి దిగి ఒంటికి ఎక్కడం తగ్గుతుంది.

పరీక్ష అయ్యాక పాప ముడవడానికి పైలోకార్పిన్ వేసే ఆచారం కూడా ఉండేది. ఒక్కోసారి అదే కంటి ప్రెషర్‌ను పెంచుతుందని తేలి, మానేశారు.

ఇంత భయపడాల్సినదేనా? నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 55 ఏళ్ళు దాటిన 6,760 మందికి పాప విప్పితే, మూల మూసుకుపోయినది ఇద్దరికే. చుక్కలకు భయపడి పరీక్ష మానేస్తే షుగర్ రెటీనాను చప్పుడు లేకుండా తినేస్తుంది. అందుకే నేను పెద్దవాళ్ళకు ఒకటే చెబుతాను: "బండి నడపకండి, తోడు ఎవరినైనా తెచ్చుకోండి. రాత్రి కన్ను ఎర్రబడి నొప్పి పెట్టినా, వాంతి అయినా, దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే వచ్చేయండి."