ఏడు రూపాయల సిపాయి

ఒకప్పుడు బెంగాలులో, అయోధ్య సంస్థానంలో, ఢిల్లీలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. 1756 అక్టోబరులో క్లైవు మదరాసు నుంచి ఓడల్లో తీసుకువెళ్ళిన పటాలాల్లో తెలుగువారు ఉండటం వల్ల వచ్చిన పేరది. ఆ తర్వాత ఉత్తరాదివారే భర్తీ అయినా పేరు మారలేదు. 1857లో ఢిల్లీ ప్రజలు తిరుగుబాటు సిపాయిలను కూడా ‘తిలంగాలు’ అనే పిలిచారు. పేరు సంగతి చాలామంది రాశారు. ఆ తిలంగా ఏం తిన్నాడు, ఇంటికేం పంపాడు అన్నది అంతగా రాయలేదు.

మదరాసు కాలిబంటు సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. తిండి ఖర్చు అందులోంచే. దుస్తుల కోసం కోతలు కూడా అందులోంచే. ఇది కాక దూరప్రాంతాలకు వెళ్ళినప్పుడు ఇచ్చే అదనపు సొమ్మును ‘బత్తా’ అనేవారు. మన బత్తెం, భత్యం ఆ కోవలోవే. సిపాయి సంసారం నిలిచేది ఈ బత్తా మీదే.

దానికి కారణముంది. బెంగాలు సిపాయి భార్యాపిల్లలను ఊళ్ళో వదిలి కొలువుకు వచ్చేవాడు. మదరాసు సిపాయి కుటుంబం మాత్రం పటాలం వెంటే నడిచేది. దండు పక్కనే కాపురం. సిపాయిల కొడుకులను చిన్ననాడే కొద్దిపాటి జీతం మీద పటాలంలో చేర్చుకునే పద్ధతి కూడా ఉండేది. పటాలాన్ని ఓడ ఎక్కించినప్పుడు మాత్రం కుటుంబం ఒడ్డున ఆగిపోయేది. అప్పుడు ఒక జీతంతో రెండు పొయ్యిలు వెలగాలి. 1824 బర్మా యుద్ధానికి మదరాసు పటాలాలు పెద్దసంఖ్యలో సముద్రం దాటాయి. అక్కడ దొరికిన హెచ్చు బత్తా వారికి బాగా గుర్తుండిపోయింది.

1843లో కంపెనీ సింధును కలుపుకుంది. వెంటనే ఒక లెక్క తేలింది: సింధు ఇక పరదేశం కాదు, కంపెనీ రాజ్యమే, కాబట్టి అక్కడ పరదేశపు బత్తా అక్కరలేదు. సిపాయి గెలుపే సిపాయి బత్తాకు ఎసరు పెట్టింది. బెంగాలు పటాలాలు కొన్ని కదలనన్నాయి. 34వ పటాలాన్ని రద్దు చేశారు. ఆ ఖాళీ పూరించే పని మదరాసు మీద పడింది.

1844లో 47వ మదరాసు పటాలానికి బర్మాలో ఇచ్చినంత బత్తా ఇస్తామని మదరాసు ప్రభుత్వం మాట ఇచ్చింది. ఆ మాట నమ్మి సిపాయిలు ఓడ ఎక్కారు. పైనున్న భారత ప్రభుత్వం ఆ హామీని రద్దు చేసింది. బొంబాయి చేరాక సంగతి తెలిసి సిపాయిలు కవాతులోనే ఎదురుతిరిగారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే 6వ మదరాసు అశ్వికదళం కాంప్టీ నుంచి జబల్‌పూరు వెళ్ళింది. వారిలో ఎక్కువమంది దక్షిణాది ముస్లిములు. త్వరలో తిరిగి వస్తామనుకుని కుటుంబాలను వదిలి వెళ్ళారు. అక్కడే ఉండిపొమ్మన్నారు. బత్తా కూడా తగ్గించారు. వారూ ఆజ్ఞ మీరారు.

ఇందులో జీతం తక్కువన్న మాట కంటే, ఇచ్చిన మాట తప్పారన్న బాధే పెద్దది. ఆ బాధ చెప్పుకోవడానికి పై అధికారి తప్ప మరో గడప లేదు. ఆ అధికారి వినకపోతే మిగిలింది తిరుగుబాటే. దానికి శిక్ష ఉరి, తుపాకి, కొరడా. 1806 జూలై 10న వేలూరులో జరిగిందీ ఇదే. కొత్త తలపాగా, నొసటి బొట్టు, చెవిపోగుల గురించిన ఆజ్ఞలను కాదన్నవారిని ముందు శిక్షించారు. రక్తం పారాకనే ఆ ఆజ్ఞలను రద్దు చేశారు. అప్పటి మదరాసు గవర్నరు బెంటింకును వెనక్కు పిలిపించారు. అదే బెంటింకు గవర్నరు జనరలుగా తిరిగివచ్చి, 1835లో దేశీయ సిపాయిలకు కొరడా శిక్ష తీసేశాడు. పదేళ్ళకు, 1845లో, హార్డింజి దాన్ని మళ్ళీ తెచ్చాడు. పూర్తిగా పోయింది 1920లోనే.

ఆ 7 రూపాయలు 9 అయింది 1895లో. మదరాసు సైన్యం విడి సైన్యంగా అంతమైంది కూడా ఆ యేడే. అప్పటికే ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం పేరిట తెలుగువారి భర్తీని బాగా తగ్గించేశారు. తరతరాలు ఏడు రూపాయలకు పనిచేసినవారి మనుమలకు తొమ్మిది రూపాయలు అందే దారి మూసుకుపోయింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికి జీతం 11 రూపాయలు.

స్వతంత్ర భారతంలో 1950 సైనిక చట్టం వచ్చింది. చట్టం అనుమతించిన కోతలు తప్ప సైనికుడి జీతంలో మరే కోతా పెట్టకూడదని, కోర్టు డిక్రీ కింద అతని జీతభత్యాలను జప్తు చేయకూడదని, అన్యాయం జరిగితే మెట్టుమెట్టుగా పైకి మొరపెట్టుకోవచ్చని అందులో రాశారు. అయితే సంఘం పెట్టుకునే హక్కు అతనికి లేదు. సైన్యం బయట మొర వినడానికి ప్రత్యేక ట్రిబ్యునలు కావాలంటే 2007 చట్టం దాకా ఆగవలసివచ్చింది. 2009లో అది పని మొదలుపెట్టింది. ‘ఒకే హోదాకు ఒకే పింఛను’ ఉత్తర్వు కోసం మాజీ సైనికులు 2015లో ఢిల్లీ వీధుల్లో కూర్చోవలసివచ్చింది. కానీ తుపాకి ఎత్తకుండా అడగగలిగారు. 1844కూ ఇప్పటికీ ఉన్న తేడా అదే, అది చిన్న తేడా కాదు.

వేలూరు, బళ్ళారి, బెంగుళూరు దండు, బరంపురం, కాంప్టీ – ఇవన్నీ మదరాసు పటాలాలు విడిసిన ఊళ్ళే. వాటి వెంట వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఈ పత్రిక చదివేవారిలోనూ అటువంటి ఇళ్ళవారు ఉండవచ్చు. పాత పెట్టెల్లో తాతముత్తాతల పింఛను కాగితమో, పటాలం నంబరున్న బిళ్ళో కనబడితే పారేయకండి. సేనాపతుల చరిత్ర అచ్చులో ఉంది. ఏడు రూపాయల సిపాయి చరిత్ర ఇంకా ఆ పెట్టెల్లోనే ఉంది.